పెళ్లి చీరకు బట్ట ఎలా ఎంచుకోవాలి: లగ్నపత్రికతో మొదలుపెట్టండి

కోనసీమలో ఒక చిన్న ఊళ్లో ఇరవై ఏళ్లుగా బ్లౌజులు కుడుతున్నాను. చీరలు అమ్మే పని కాదు నాది. కానీ అమ్మినవాళ్ల కంటికి పడనివి కొన్ని నా కంట పడతాయి. కొత్త చీర ఫాల్ కుట్టడానికి, పికో చేయడానికి నా దగ్గరికి వస్తుంది. పెళ్లయ్యాక చంక దగ్గర పిగిలిన బ్లౌజు, వడ్డాణం రాసుకుని జరీ లేచిపోయిన కుచ్చిళ్లు, గాజు తగిలి దారం లాగేసిన కొంగు, ఇవీ నా దగ్గరికే వస్తాయి. చాలామంది రంగు చూస్తారు, అంచు చూస్తారు, ధర చూస్తారు. బట్ట సంగతి ఆఖర్న గుర్తొస్తుంది. నేను చెప్పేది దానికి తిరగేసి. ముందు బట్ట తేల్చుకోండి. మీకు నచ్చిన రంగు, నచ్చిన అంచు ఆ బట్టలోనే దొరుకుతాయి.

మొదటి పని: నెల, గడియ, చోటు రాసుకోండి

షాపుకి బయల్దేరే ముందు లగ్నపత్రిక తీసి మూడు విషయాలు కాగితం మీద రాయండి. ఏ మాసం? ముహూర్తం ఎన్నింటికి? పెళ్లి ఎక్కడ: ఇంటి ముందు కొబ్బరాకు పందిట్లోనా, ఏసీ ఫంక్షన్ హాల్లోనా, గుళ్లోనా?

మన డెల్టాలో వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో ఎండ ఒక్కటే కాదు బాధ, ఉక్కపోత. చుట్టూ కాలవలు, చెరువులు, పక్కనే సముద్రం. పట్టిన చెమట ఆరదు. అక్కడే బట్టకీ బట్టకీ తేడా బయటపడుతుంది. మామూలు వాతావరణంలో వంద గ్రాముల పట్టు సుమారు 11 గ్రాముల తేమను తనలో ఉంచుకుంటుంది. నూలు ఎనిమిదిన్నర గ్రాముల దాకా ఉంచుకుంటుంది. పాలిస్టర్ అర గ్రాము కూడా పట్టదు. అందుకే పాలిస్టర్ కలిసిన చీర కట్టుకుంటే చెమట ఒంటి మీదే నిలిచి జిడ్డుగా అంటుకుపోతుంది. చూడ్డానికి పట్టులాగే మెరుస్తుంది, కట్టుకున్న పిల్లకే తెలుస్తుంది బాధ.

మాఘం, ఫాల్గుణంలో అయితే రాత్రిళ్లు చల్లగా ఉంటాయి కాబట్టి బరువైన చీర కూడా భరించొచ్చు. శ్రావణంలో వాన భయం. పట్టు మీద నీటి చుక్క పడి ఆరితే మరక కనిపిస్తుంది, ముఖ్యంగా లేత రంగుల మీద. కారు దిగి పందిట్లోకి వచ్చేలోపే అంచు బురదలో పడుతుంది. శ్రావణం పెళ్లికి నేలకి తగిలే అంచు లేత రంగులో ఉన్న చీర నేనైతే వద్దంటాను.

తర్వాత గంటలు లెక్కపెట్టండి. ముహూర్తం రాత్రి రెండున్నరకి అనుకోండి. పిల్లకి ఎనిమిదింటికల్లా చీర కట్టడం అయిపోతుంది. గౌరీపూజ, బుట్టలో మేనమామలు తీసుకురావడం, జీలకర్ర బెల్లం దాకా అదే చీర. అంటే ఆరేడు గంటలు. అందులో సగం పీటల మీద కాళ్లు మడిచి కూర్చోవడమే. షాపులో అద్దం ముందు రెండు నిమిషాలు భుజం మీద వేసుకుని చూసి ఆ ఆరేడు గంటల చీరను ఎంచుకోలేం.

రెండో పని: ఏ ఘట్టానికి ఏ బట్టో విడదీయండి

ఒకే చీర మీద డబ్బంతా పెట్టి మిగతావి ఏదో ఒకటి అనుకుంటారు. అలా చేయకండి. మంగళస్నానానికి కట్టేది తడుస్తుంది, పసుపు అంటుతుంది, కాబట్టి మామూలు నూలు చీర చాలు. పెళ్లి చీర పట్టు. తర్వాత మధుపర్కాలు. రిసెప్షన్‌కి మీ ఇష్టం. పెళ్లయ్యాక సత్యనారాయణస్వామి వ్రతం అన్నవరంలో చేసుకునేవాళ్లయితే కొండ మీద జనంలో తిరగడానికి తేలికైన చీర ఒకటి.

వీటన్నిట్లో మనవాళ్లు తక్కువ శ్రద్ధ పెట్టేది మధుపర్కాల మీద. నా లెక్కలో అదే ముఖ్యమైన బట్ట. చాలా ఇళ్లలో జీలకర్ర బెల్లం అయ్యాక తెల్ల చీర, ఎర్రంచు, పిల్లకీ పిల్లాడికీ ఒకే జత కడతారు. మంగళసూత్రం, తలంబ్రాలు ఆ బట్టల్లోనే. మీ ఇంటి పద్ధతి ఏమిటో, హోమం ఏ చీర మీద ఉంటుందో పంతులుగారిని ముందే అడిగి పెట్టుకోండి. ఫోటోల్లో జీవితాంతం కనిపించేది ఈ చీరే కదా. అలాంటిది ఆఖరి వారంలో పసుపు కుంకుమల కొట్టులో దొరికిన పలచటి పాలిస్టర్ మిక్సింగ్ జత తెచ్చేస్తారు.

మధుపర్కాలకి మంచి నేత నూలు తీసుకోండి. అమలాపురం పక్కనే బండారులంక ఉంది, సముద్రం వైపు వెళ్తే మోరి ఉంది. రెండూ చేనేత ఊళ్లే. అక్కడికి వెళ్లి అడిగితే నూలు బట్ట చేత్తో పట్టుకుని చూసి కొనొచ్చు. తెల్లది కాబట్టి చీర కింద అరచెయ్యి పెట్టి చూడండి. వేళ్లు విడివిడిగా కనిపిస్తే లోపల లంగా కూడా అలాగే కనిపిస్తుంది. లంగా మీగడ రంగుదో, ఒంటి రంగుకి దగ్గరగా ఉన్నదో కుట్టించండి. మరీ తెల్లటిది వేస్తే దాని గీత బయటికి కొట్టొచ్చినట్టు కనపడుతుంది. గంజి ఎక్కువ ఉన్న కొత్త బట్టయితే కుచ్చిళ్లు లేచి నిలబడతాయి. ముందురోజు తేలిగ్గా నీళ్లు చల్లి ఇస్త్రీ చేసి ఉంచుకోవాలి.

హోమం సంగతి మర్చిపోకండి. నూలు, పట్టు నిప్పు తగిలితే కాలతాయి, కానీ కరిగి ఒంటికి అంటుకోవు. పాలిస్టర్, నైలాన్ నెట్ కరిగి చర్మానికి పట్టేస్తాయి. నెట్ దుపట్టా, నెట్ వోణీ హోమగుండం దగ్గరికి రానివ్వకండి. నెట్ లెహంగా మీద మనసు ఉంటే రిసెప్షన్‌కి వేసుకోండి, బావుంటుంది కూడా.

ఇంకో చిన్న విషయం. బ్రహ్మముడి వేసేది పిల్ల కొంగుకీ పిల్లాడి ఉత్తరీయానికీ. రెండూ జారే పట్టయితే ముడి నిలవదు, ఏడడుగులు వేసేలోపు జారుతుంది. పిల్లాడి ఉత్తరీయం నూలుదైతే ముడి గట్టిగా పడుతుంది. పంచె కూడా అంతే, నూలుదైతే నడుం దగ్గర నిలుస్తుంది.

మూడో పని: పట్టులో ఏ పట్టు?

కంచి పట్టు మూడు పోగుల దారంతో నేస్తారు కాబట్టి మందంగా, బరువుగా ఉంటుంది. పెళ్లి చీరలు కొన్ని కిలో దాకా తూగుతాయి. కుచ్చిళ్లు పెడితే పెట్టినట్టు నిలుస్తాయి, మడత చెదరదు. మాఘమాసం పెళ్లికో, ఏసీ హాల్లో పెళ్లికో దీనికి మించింది లేదు. అదే చీర జ్యేష్ఠంలో పందిట్లో కట్టించడం మాత్రం నాకు ఇష్టముండదు. ఒకసారి ఒకావిడ కూతుర్ని తీసుకుని బ్లౌజు కొలతలకి వచ్చారు. పిల్ల సన్నగా, పొట్టిగా ఉంది. చీర అట్టలా నిలబడే టిష్యూ. "కాస్త తేలికది చూడాల్సిందండి వదినగారూ" అన్నాను. "ఒక్కగానొక్క పిల్లండి, బరువుగా ఉంటేనే నిండుగా ఉంటది" అన్నారావిడ. పెళ్లి మే నెలలో. తర్వాత ఆ పిల్లే వచ్చి నడుం చూపించింది, జరీ గీసుకుని ఎర్రగా చార. టిష్యూలో పేకంతా, అంటే అడ్డంగా వెళ్లే దారమంతా, జరీయే ఉంటుంది కాబట్టి ఒంటికి గరుకు. మడత పడ్డ చోట గీత కూడా తొందరగా పోదు.

ఎండాకాలం పెళ్లికి నా మొదటి మాట ఉప్పాడ. కాకినాడ దాటి సముద్రం ఒడ్డు రోడ్డు మీద వెళ్తే వస్తుంది. ఉప్పాడ, కొత్తపల్లి, పిఠాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఈ నేత ఉంది. దీన్ని జాందానీ నేత అంటారు, దీనికి 2009లో జీఐ గుర్తింపు వచ్చింది, అంటే ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే గుర్తింపు. సన్నటి పట్టు, చేతిలో పట్టుకుంటేనే తేలిక తెలుస్తుంది. బుటాలు చీర మీద కుట్టినవి కావు, నేతలో భాగంగా వచ్చినవి. ఇద్దరు మగ్గం మీద పక్కపక్కన కూర్చుని, ఒక్కో పువ్వు దగ్గర చిన్న దారపు కండెను చేత్తో పడుగు (నిలువు దారాల) మధ్యలోంచి దూర్చి, ఆ పువ్వు హద్దు రాగానే వెనక్కి తిప్పుతారు. దారం పువ్వు నుంచి పువ్వుకి వెళ్లదు. పనితనాన్ని బట్టి ఒక చీరకి వారాలు పడుతుంది, పని ఎక్కువైతే రెండు నెలలు కూడా.

దీన్ని గుర్తుపట్టడం చాలా సులువు, ఇప్పుడే నేర్చుకోండి. చీరను తిరగేసి ఒక్క పువ్వును దగ్గరగా చూడండి. అసలు జాందానీలో ముందు వైపు పువ్వు ఎలా ఉందో వెనక కూడా అంతే శుభ్రంగా ఉంటుంది. నకలులో పువ్వు చుట్టూ కత్తిరించిన దారపు మొనలు వెంట్రుకల్లా పొడుచుకొస్తాయి, లేదా ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకి దారాలు వేలాడుతూ వెళ్తాయి. వేలి మొనతో రాస్తే గరుకు తగులుతుంది. "ఉప్పాడ డిజైన్" అని షాపులో చెప్పారంటే ఆ రెండో మాట జాగ్రత్తగా వినండి. ఉప్పాడ వేరు, ఉప్పాడ డిజైన్ వేరు.

ఉప్పాడకి ఒక లోటు ఉంది, అది కూడా చెప్పాలి. పట్టు సన్నం కాబట్టి పిన్నులు ఎక్కువ గుచ్చితే చిల్లులు పడతాయి. భుజం దగ్గర పిన్ను కింద చిన్న బట్ట ముక్క పెట్టి గుచ్చాలి. వడ్డాణం కింద కూడా లోపలివైపు మెత్తటి నూలు పట్టీ కుట్టించుకుంటే చీర నలగదు.

గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఉక్కకి హాయి. పెళ్లి చీరగా కొందరు పెద్దవాళ్లు ఒప్పుకోకపోవచ్చు, వ్రతానికి మాత్రం చక్కగా కుదురుతుంది. బెనారస్ నేతలో కొన్ని రకాల్లో వెనకవైపు దారాలు వదులుగా వేలాడుతుంటాయి. చేతినిండా గాజులు, వంకీ, కాలికి మెట్టెలు ఉండే పెళ్లికూతురికి అవి తగులుకుంటాయి. కొనేముందు వెనక చూసి, వదులు దారాలు పొడుగ్గా ఉంటే పక్కన పెట్టండి. ఆర్గంజా అనే పలచటి, బిరుసు బట్ట పీటల మీద కూర్చుని లేవగానే నలిగి ముద్దవుతుంది.

క్రైస్తవ కుటుంబాల్లో తెల్ల చీరకి కూడా ఇదే లెక్క. మీగడ తెలుపు, పాల తెలుపు రెండూ పక్కపక్కన పెట్టి పగటి వెలుగులో చూసి తేల్చుకోండి. ఒంటి చాయను బట్టి మీగడ తెలుపే ఎక్కువమందికి కుదురుతుంది. పక్కనే నరసాపురం ఉండగా లేసు కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ మిషనరీల దగ్గర నేర్చుకున్న ఆ క్రోషే అల్లికకి 2024లో జీఐ వచ్చింది. మేలిముసుగు అంచుకో, బ్లౌజు చేతులకో వేయించండి. ఒకటి గుర్తుంచుకోండి: ఆ లేసు నూలుది, తడిస్తే కుదించుకుంటుంది. కుట్టక ముందే ఒకసారి నీళ్లలో తడిపి ఆరబెట్టాలి. లేకపోతే తర్వాత అంచు ముడుచుకుపోతుంది.

నాలుగో పని: షాపులో చేయాల్సినవి

రాజమండ్రి తాడితోట అయినా, ద్వారపూడి అయినా, మీ ఊరి షాపు అయినా సరే, పగలు వెళ్లండి. షాపు లైట్ల కింద ప్రతి రంగూ మెరుస్తుంది. నచ్చిన రెండు మూడు చీరలు గుమ్మం దాకా తెచ్చి వెలుగులో చూడండి. అడగడానికి మొహమాటపడకండి. రాత్రి ముహూర్తమైతే ముదురు నీలం, ముదురు వంగపండు రంగు ఫోటోల్లో నల్లగా పడతాయని గుర్తుపెట్టుకోండి.

చీర కొంగు మూల గుప్పిట్లో పట్టుకుని గట్టిగా నలిపి, కాసేపు ఉంచి వదలండి. ముడతలు వెంటనే సర్దుకుంటే మంచిది. గీతలుగా ఉండిపోతే పీటల మీద కూడా అంతే. తర్వాత చీర మెడకి, ముంజేతి లోపలివైపు ఆనించి చూడండి. అరచెయ్యి మొద్దుబారి ఉంటుంది, దానికి గరుకు తెలియదు. ఆఖర్న చీరను నడుం దగ్గర కుచ్చిళ్లు పెట్టించుకుని, అక్కడే నేల మీద కూర్చుని లేవమనండి పిల్లని. షాపువాళ్లు పరుపులు వేసే ఉంచుతారు కదా. కూర్చున్నప్పుడు కుచ్చిళ్లు పొట్ట మీదికి ఉబ్బుతున్నాయా, ఒద్దికగా ఒదుగుతున్నాయా తెలిసిపోతుంది. పొట్టిగా ఉన్న పిల్లకి జానెడు అంచు వేస్తే మనిషి అంచులో కలిసిపోతుంది, నాలుగైదు వేళ్ల అంచు చాలు.

ఐదో పని: అసలుదో కాదో తేల్చుకోండి

సిల్క్ మార్క్ ట్యాగ్ అడగండి. కేంద్ర పట్టు మండలి 2004లో మొదలుపెట్టింది ఇది. అయితే అది చెప్పేది పట్టు అసలైనదని మాత్రమే. జరీ గురించి చెప్పదు, చేత్తో నేసిందనీ చెప్పదు. చేనేతకి హ్యాండ్‌లూమ్ మార్క్ వేరే ఉంటుంది.

ట్యాగ్ లేకపోతే దారం కాల్చి చూడాలి. ఇక్కడ ఒక కిటుకు ఉంది. కొంగు చివర వేలాడే దారాలు పడుగు దారాలు. అవి ఒక్కటే కాలిస్తే సరిపోదు. కొన్ని చీరల్లో ఒకటి పట్టు, రెండోది పాలిస్టర్ ఉంటుంది. బ్లౌజు ముక్క తెగిన అంచు నుంచి అడ్డంగా ఉండే పేక దారం కూడా ఒకటి లాగండి. రెండూ విడివిడిగా కాల్చండి. పట్టయితే మెల్లగా కాలి, వెంట్రుక కాలిన వాసన వస్తుంది, చివర నల్ల పూస వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ కరిగి, గట్టి పూస కడుతుంది, నలగదు. కాగితం కాలిన వాసన వచ్చి బూడిద మిగిలితే అది విస్కోస్, పట్టులా మెరిసే కృత్రిమ దారం. ఇలా ఒక పెళ్లి చీర ఫాల్‌కి నా దగ్గరికి వచ్చినప్పుడు అనుమానం వచ్చి, ఆ తల్లి ముందే రెండు దారాలు కాల్చి చూపించాను. పడుగు దారం కరిగి, నలగని గట్టి పూస కట్టింది. బిల్లు మీద "ప్యూర్ సిల్క్" అని ఉంది. బిల్లు, ఆ దారాలు పట్టుకెళ్లి అడిగితే మార్చి ఇచ్చారు. అందుకే బిల్లు మీద "పట్టు" అని, జరీ ఏ రకమో రాయించుకోండి, నోటి మాటతో సరిపెట్టుకోవద్దు.

జరీకి కూడా ఒక పోగు లాగి గోటితో గీయండి. అసలు జరీ అంటే పట్టు దారం చుట్టూ వెండి తీగ చుట్టి, బంగారు పూత వేసింది. గీస్తే తెల్లటి వెండి కనిపిస్తుంది. రాగి రంగు కనిపిస్తే అది టెస్టెడ్ జరీ. పలచటి రేకులా సాగితే ప్లాస్టిక్. టెస్టెడ్ జరీ కొనడం తప్పేమీ కాదు, తేలికగా ఉంటుంది, ధరా తక్కువ. అసలు జరీ ధర పెట్టి దాన్ని కొనడమే బాధ.

ఆరో పని: బ్లౌజు బట్ట

ఇది నా పని కాబట్టి గట్టిగా చెప్తున్నాను. తేలిక పట్టు చీరతో వచ్చిన బ్లౌజు ముక్క మీద నిండా మగ్గం వర్క్ చేయించకండి. పూసల బరువుకి సన్నటి పట్టు కుట్టు దగ్గర జాలీలా విడిపోతుంది. ఆ రంగులోనే మందంగా ఉన్న పట్టు విడిగా కొని దాని మీద చేయించండి. లైనింగ్ నూలుదే వేయాలి, కుట్టే ముందు తడిపి ఆరబెట్టాలి. చంకల దగ్గర మెత్తటి నూలు ప్యాడ్ కుట్టమనండి. మగ్గం వర్క్‌కి మూడు వారాలు, కుట్టడానికి వారం, సరిచూసుకోవడానికి ఇంకో వారం. పెళ్లి నెలలో నాలాంటి వాళ్లమందరం టెన్షన్‌లోనే ఉంటాం, ముందే ఇవ్వండి. మగ్గం మీద చీర ఆర్డర్ ఇచ్చి నేయించుకునేవాళ్లు మూడు నెలల ముందే మొదలుపెట్టాలి.

రంగు దిగుతుందేమో చూడకుండా ఎర్ర బ్లౌజు కుట్టించొద్దు. మా చెల్లెలి కూతురి పెళ్లి వైశాఖంలో అయింది. మధుపర్కాల మీదకి ఎర్ర పట్టు బ్లౌజు నేనే కుట్టాను. బట్ట ఒక షాపులో కొన్నది, నేను పరీక్షించలేదు. తలంబ్రాల వేళకి చెమటకి ఆ ఎరుపు కరిగి, తెల్ల చీర పైట కింద గులాబీ మరక అరచెయ్యంత పాకింది. పిల్ల చెయ్యి పైకెత్తి తలంబ్రాలు పొయ్యడానికి కూడా వెనకాడింది. "పెద్దమ్మా, కనిపిస్తోందా?" అని నా వంక చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ రోజు నుంచి ఏ ముదురు రంగు బట్ట వచ్చినా తెల్ల రుమాలు తడిపి, లోపలి అంచు మీద పెట్టి రెండు నిమిషాలు గట్టిగా నొక్కి చూస్తాను. రుమాలుకి రంగు అంటిందంటే ఆ బట్ట తెల్ల చీర మీదకి పనికిరాదు. మీరూ కొన్నరోజే ఈ పని చేయండి, మార్చుకోవడానికి టైమ్ ఉంటుంది.

పెళ్లయిన మర్నాడు

తలంబ్రాల పసుపు పట్టు చీర మీద ఉండిపోతే సబ్బు రాయకండి. సబ్బులో ఉండే క్షారానికి పసుపు ఎర్రగా మారి మరక ఇంకా పెరుగుతుంది. పొడిగా దులిపి, గాలి ఆడే నీడలో ఆరేసి, డ్రై క్లీనింగ్‌కి ఇచ్చేటప్పుడు మరక ఎక్కడుందో చూపించి చెప్పండి. సెంటు నేరుగా జరీ మీద కొట్టొద్దు, నల్లబడుతుంది. చీరను ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో పడేస్తే మన వానాకాలం తేమకి బూజు పడుతుంది. ఉతికిన పాత తెల్ల పంచెలో చుట్టి పెట్టండి. కలరా ఉండలు చీరకి తగలకుండా విడిగా గుడ్డలో కట్టి ఉంచండి. మూడు నెలలకోసారి తీసి, పాత మడతల మీద కాకుండా వేరే చోట మడవండి. ఒకే మడత మీద ఏళ్లు గడిస్తే జరీ అక్కడే విరుగుతుంది.

మధుపర్కాలకి అంటిన పసుపు పోవాలంటే తెల్ల నూలు కాబట్టి ఉతికి ఎండలో ఆరేస్తే చాలు, నాలుగైదు ఎండలకి వెలిసిపోతుంది. మా ఊళ్లో చాలామంది ఆ పసుపు పోగొట్టరు, అలాగే మడిచి పెట్టుకుంటారు. అలా ఉంచాలనుకుంటే ఒకటి చేయండి. చెమట మాత్రం పోయేలా సబ్బు లేకుండా మంచినీళ్లలో ఒక్కసారి జాడించి, నీడలో పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు మడవండి.